అన్నిటికన్నా గొప్ప ర్యాపర్ ఎవరు: ఈ వాదన ఒక కొలిక్కి వచ్చేలా నడపడం ఎలా

పర్లాకిమిడి టీ బడ్డీ దగ్గరైనా, గుణుపురం హాస్టల్ మేడ మీదైనా, రాయగడ దాటి కొరాపుట్ వైపు కొండెక్కే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లోనైనా, ఈ వాదన ఒకే తీరున పాడవుతుంది. ఒకడు ఎమినెం అమ్మకాల లెక్క తీస్తాడు. ఇంకొకడు టూపాక్‌ని 25 ఏళ్లకే చంపేశారంటాడు. మూడోవాడు కెండ్రిక్ లమార్‌కి అమెరికాలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చిందంటాడు. ముగ్గురు చెప్పేదీ నిజమే. కాకపోతే ముగ్గురూ మూడు వేరే ప్రశ్నలకు జవాబిస్తున్నారు. హీరోల అభిమానుల గొడవల్లో పెరిగిన నోళ్లు మనవి, అందుకే మాట ఎటు తిరిగినా చివరికి మొదటిరోజు కలెక్షన్ దగ్గర తేలుతుంది. అది ఆపాలంటే కూర్చునే ముందే కొన్ని పనులు చేసుకోవాలి.

మనుషులు నలుగురి నుంచి ఆరుగురు చాలు. అంతకన్నా ఎక్కువైతే గొంతు పెద్దవాడిదే గెలుపు. ఒక్కొక్కరు ఒక్క పేరే తేవాలి, ఆ పేరుకి మూడు వెర్సులు (పల్లవికీ పల్లవికీ మధ్య వచ్చే ర్యాప్ భాగాలు) తేవాలి. మూడు పాటలు కాదు, మూడు వెర్సులు. మొత్తానికి గంటన్నర పెట్టుకోండి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లిరిక్స్ కూడా సేవ్ చేసి పెట్టుకోండి. ఊరు దాటితే సిగ్నల్ పోతుంది, రాయగడ–కొరాపుట్ మధ్య సొరంగాల్లో అసలే ఉండదు. పాట ఆగిపోయిన చోట జ్ఞాపకం మీద వాదించడం మొదలవుతుంది. జ్ఞాపకంలో ఎవరి హీరో పాట వాళ్లకి ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది.

ముందు ప్రశ్న తేల్చండి

కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: మనం కొలిచేది మైకు ముందు పనితనమా, మొత్తం జీవితకాలపు పనా, తర్వాతివాళ్ల మీద పడ్డ ప్రభావమా? మూడింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఏది ఎంచుకుంటే పేర్లు ఎలా మారిపోతాయో చూడండి. ప్రభావం అంటే 1987లో ఎరిక్ బీతో కలిసి మొదటి ఆల్బమ్ తెచ్చిన రకీమ్‌ని పక్కన పెట్టడం కుదరదు. జీవితకాలపు పని అంటే 1996 నుంచి 2017 దాకా ఆల్బమ్‌లు ఇచ్చి, అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 14 సార్లు మొదటి స్థానం పట్టిన జే-జీ ముందుకొస్తాడు. 1994లో తొలి ఆల్బమ్ ఇచ్చి 2021లో మొదటి గ్రామీ అందుకున్న నాస్ కూడా వస్తాడు. పనితనం ఒక్కటే అంటే ఈ లెక్కలన్నీ పక్కకి పోతాయి, చెవి ఒక్కటే మిగులుతుంది. మా సలహా పనితనమే. మిగతా రెండూ పుస్తకం చూసి తేల్చుకోవచ్చు, దానికి నలుగురు కూర్చోవక్కర్లేదు.

దాని కిందే ఇంకో రెండు నియమాలు రాయండి. లేకపోతే గంట తర్వాత అక్కడే పేచీ వస్తుంది.

ఒకటి, మాటలు ఎవరు రాయాలి? ర్యాప్‌లో వేరేవాళ్లకి రాసిపెట్టడం కొత్తేమీ కాదు. బిగ్ డాడీ కేన్ బిజ్ మార్కీకి రాశాడు. 1999లో డాక్టర్ డ్రే తిరిగొచ్చిన పాటకి మాటలు జే-జీవి. అందుకే డ్రేని గొప్ప ప్రొడ్యూసర్ అనండి, ఈ పోటీలోకి మాత్రం తేకండి. డ్రేక్ మాటలు వేరేవాళ్లు రాసిపెడతారని 2015లో మీక్ మిల్ ఆరోపించాడు. అప్పటి నుంచి డ్రేక్ పేరు ఎత్తగానే ఈ ప్రశ్న వస్తోంది. "సొంతంగా రాసిన వెర్సులే లెక్క" అని ముందే రాసుకుంటే ఆ పేరు తెచ్చినవాడు వెర్సులు జాగ్రత్తగా ఎంచుకుంటాడు.

రెండు, ఎంత పని ఉంటే అర్హత? ఆల్బమ్‌ల సంఖ్య పెడితే మంచివాళ్లే పోతారు. నొటోరియస్ బి.ఐ.జి. 1997 మార్చి 9న 24 ఏళ్లకి చనిపోయాడు, బతికుండగా వచ్చిన సొంత ఆల్బమ్ ఒక్కటే, రెండోది చనిపోయిన పదహారు రోజులకి వచ్చింది. లారిన్ హిల్‌ది స్టూడియోలో చేసిన సోలో ఆల్బమ్ ఒక్కటే, 1998లో. హిప్‌హాప్ ఆల్బమ్‌కి మొట్టమొదట ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ తెచ్చింది అదే. ఆండ్రే 3000 సంగతి ఇంకా తమాషా: అవుట్‌కాస్ట్‌లో ఉన్నన్నాళ్లూ ఒకడితో పోల్చలేనంత బాగా ర్యాప్ చేసి, 2023లో సోలో ఆల్బమ్ అంటూ వేణువులతో వాయిద్య సంగీతం ఇచ్చాడు, అందులో ర్యాప్ లేనే లేదు. "సోలో ర్యాప్ ఆల్బమ్ ఉండాలి" అంటే అతను ఎగిరిపోతాడు. కాబట్టి ఆల్బమ్‌లు వదిలేయండి. గ్రూపులోదైనా, వేరేవాళ్ల పాటలోదైనా, మొత్తం మీద పది గట్టి వెర్సులు చూపించగలిగితే అర్హుడే.

వినడం దగ్గరే అసలు పని

మన పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇంగ్లీష్ ర్యాప్ సగం అర్థమై, బీటు పూర్తిగా ఎక్కి, ఆ బీటు గొప్పతనం ర్యాపర్ ఖాతాలో పడిపోతుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్లు బేస్ పెంచి మాటని మింగేస్తాయి. ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించండి, లేకపోతే ఇయర్‌ఫోన్‌తో ఒక్కొక్కరుగా వినండి. ప్రతి వెర్సూ మూడుసార్లు నడవాలి: ఒకసారి ఊరికే వినడం, ఒకసారి పాట ఆపి లిరిక్స్ చదవడం, ఒకసారి లిరిక్స్ చూస్తూ వినడం. మార్కులు మూడోసారి అయ్యాకే.

బార్లు లెక్కపెట్టడం నేర్చుకోండి. ఒక బార్‌కి నాలుగు దెబ్బలు, ఎక్కువ పాటల్లో రెండో దెబ్బకి, నాలుగో దెబ్బకి స్నేర్ డ్రమ్ము చప్పుడు పడుతుంది. మామూలు వెర్సు 16 బార్లు. నిమిషానికి 90 దెబ్బల వేగంలో ఒక బార్ రెండున్నర సెకన్ల పైచిలుకు, పదహారు బార్లు దాదాపు 43 సెకన్లు. ఒకడు 16 బార్ల వెర్సు తెచ్చి ఇంకొకడు 40 బార్లది తెస్తే పోలిక కుదరదు. పొడుగు వెర్సులో నచ్చిన వరుస పదహారు బార్లు చూపించమనండి.

ఇక ప్రాస. తెలుగు చదువుకున్న చెవికి ఇక్కడ ఒక అడ్డం ఉంది. మన పద్యంలో ప్రాస అంటే రెండో అక్షరం, అక్కడ హల్లు కలవాలి, అచ్చు ఏదైనా పర్వాలేదు. ర్యాప్‌లో దీనికి తిరగబడి ఉంటుంది: అచ్చులు కలిస్తే చాలు, హల్లులు వేరైనా ప్రాసే. అందుకే మనవాళ్లు లిరిక్స్ చూసి "ఇందులో ప్రాస ఎక్కడుంది?" అంటారు. దీనికి తేలికైన మార్గం మన లిపిలోనే ఉంది. నాలుగు బార్లు తీసుకుని, వాళ్లు పలికినట్టే తెలుగులో రాయండి, స్పెల్లింగ్ చూసి కాదు. తర్వాత హల్లులు మర్చిపోయి గుణింతాలు మాత్రమే చూడండి. 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఎమినెం ఆరెంజ్‌కి ప్రాస ఉందని నిరూపించాడు: అమెరికా యాసలో "ఓరింజ్", దాని పక్కన "డోర్ హింజ్". ఓత్వం, ఇత్వం రెండుచోట్లా అదే వరుసలో ఉన్నాయి. ఇలా గుణింతాల కింద గీతలు గీస్తూ పోతే ఎవడు ఒక్క అక్షరం కలిపి ఊరుకున్నాడో, ఎవడు నాలుగైదు అక్షరాల వరుసని పది బార్ల దాకా లాక్కెళ్లాడో కాగితం మీదే కనబడుతుంది. ఒక్కో వెర్సుకి పది నిమిషాలు పడుతుంది. ఈ పని ఇంటి దగ్గరే చేసి తెచ్చుకోమనండి.

ఫ్లో, అంటే బీటు మీద మాట నడిచే తీరు, చూడ్డానికి ఇంకో గీత. వాక్యం ఎక్కడ ముగిసిందో అక్కడ నిలువు గీత పెట్టండి, బార్ ఎక్కడ ముగిసిందో అక్కడ చుక్క పెట్టండి. తొలినాళ్ల పాటల్లో గీత, చుక్క చాలావరకు ఒకేచోట పడతాయి, ప్రాస కూడా పాదం చివరే. రకీమ్ ఆ కట్టు తెంచాడు: వాక్యం బార్ దాటి పోతుంది, ప్రాస మధ్యలో వచ్చి పడుతుంది. అతను శాక్సఫోన్ వాయించేవాడు, ఆ ఊపిరి లెక్క మాటల్లో తెలుస్తుంది. గీతా చుక్కా ఎప్పుడూ కలిసే ఉంటే విసుగు, ఎప్పుడూ కలవకపోతే తడబాటు. కలపడం, విడదీయడం తన చేతిలో ఉన్నవాడికే మార్కులు.

వేగం గురించి ఒక హెచ్చరిక. 2013లో వచ్చిన ఎమినెం పాటలో 6 నిమిషాల 4 సెకన్లలో 1,560 మాటలున్నాయని గిన్నిస్‌వాళ్లు రికార్డు ఇచ్చారు. లెక్కేస్తే సెకనుకి నాలుగు మాటలు దాటాయి. గొప్ప సాధనే. కానీ ఈ ఒక్క వెర్సు పెట్టి వాదన ముగిద్దామని చూసేవాడు ప్రతిసారీ ఒకడుంటాడు. తెచ్చిన మూడు వెర్సుల్లో ఒకటి నిదానంగా నడిచేది అయి తీరాలని నియమం పెట్టండి. నిదానంలో దాక్కోవడానికి చోటు ఉండదు.

విషయానికి వస్తే, "ఇదంతా బజారు భాష, ఇందులో కవిత్వమేంటి" అనే పెద్దమనిషి ఒకరు తగులుతారు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడి పంతులుగా పనిచేసి, జనం మాట్లాడే భాష కోసం పోట్లాడిన పర్లాకిమిడిలో ఆ మాట అనకూడదని మెల్లగా గుర్తుచేయండి. అయితే యాస అర్థం కాకుండా మార్కులు వేయకండి. ఫోన్‌లో వచ్చే అనువాదం ఈ యాసని తలకిందులు చేస్తుంది. పేరు తెచ్చినవాడే తన వెర్సుకి తెలుగులో తాత్పర్యం చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వెర్సు మార్చుకోవాలి. తాత్పర్యంలో చూడాల్సింది నీతి కాదు, పట్టు. చూసినట్టు చెప్పాడా, మనిషి కనబడ్డాడా? నాస్ ఒక కథని చివరి నుంచి మొదటికి వెనక్కి నడిపిన పాట 2001లో చేశాడు. అలాంటిది ఒకటి ఉంటే మిగతావాళ్ల మీద బరువు పడుతుంది.

అంకెలు తెస్తే అడగాల్సినవి

అంకెలు నిషేధించక్కర్లేదు, పక్కన తారీకు లేకుండా మాత్రం ఒప్పుకోవద్దు. అమెరికాలో దుకాణాల అమ్మకాలను కంప్యూటర్‌తో లెక్కించి బిల్‌బోర్డ్ పట్టికలు కట్టడం 1991లో మొదలైంది. అంతకు ముందువి దుకాణదారుల నోటిమాట మీద నడిచిన పట్టికలు. 2014 డిసెంబర్ నుంచి 1,500 స్ట్రీమ్‌లు ఒక ఆల్బమ్‌తో సమానమన్నారు, ఆ తర్వాత ఆ లెక్కా మారింది. కాబట్టి 1988 ఆల్బమ్‌నీ 2018 ఆల్బమ్‌నీ పక్కపక్కన పెట్టడం తప్పు. టూపాక్ 1996లో తెచ్చిన రెండు డిస్కుల ఆల్బమ్‌కి కోటి అమ్మకాల గుర్తింపు ఉందని ఎవరైనా అంటే, అక్కడ ఒక్కో సెట్టుని రెండుగా లెక్కిస్తారని చెప్పండి.

గ్రామీ కూడా అంతే. ర్యాప్‌కి మొదటి గ్రామీ 1989లో ఇచ్చారు, ర్యాప్ ఆల్బమ్ అవార్డు 1996లో మొదలైంది. అంతకు ముందు అవార్డు లేదని ఒకరిని తక్కువ చేయడం కుదరదు. కెండ్రిక్‌కి 2018లో వచ్చిన పులిట్జర్ చిన్న విషయం కాదు. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా వేరే సంగీతానికి అది రావడం అదే మొదలు. అయినా అది ఆల్బమ్‌కి వచ్చింది, బీట్లు కట్టినవాళ్ల వాటా అందులో ఉంది. 2023లో బిల్‌బోర్డ్, వైబ్ పత్రికలు కలిసి వేసిన 50 మంది గొప్ప ర్యాపర్ల జాబితాలో జే-జీ, కెండ్రిక్, నాస్ మొదటి మూడు స్థానాల్లో ఉన్నారు. పేరు తట్టనివాడు అందులోంచి ఒకటి ఎంచుకోవచ్చు, రుజువుగా మాత్రం చూపించకూడదు.

పోటీ పాటలు

గంజాం, గజపతి వైపు బాదీ పాలా చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు: రెండు జట్లు రాత్రంతా ఒకరినొకరు ప్రశ్నలతో పట్టుకుంటుంటే, చప్పట్లు ఎటు ఎక్కువ పడ్డాయో, జవాబు ఎవరు సరిగ్గా ఇచ్చారో రెండూ ఒకటి కావు. 2001 సెప్టెంబర్‌లో జే-జీ ఒక పాటలో నాస్‌ని తిట్టాడు, డిసెంబర్‌లో నాస్ పాటతోనే తిరిగిచ్చాడు. ఆ జవాబు గట్టిగా తగిలిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మా చెవికి మాత్రం కాగితం మీద జే-జీ వెర్సులే బిగువు. 2024 మే నెలలో డ్రేక్ మీద కెండ్రిక్ వదిలిన పాట 2025లో ఐదు గ్రామీలు తెచ్చుకుంది. అందులో సగం బలం గుంపు కలిసి అరిచే హుక్‌ది, అంటే పల్లవిది. అలా వేరు చేసి చూసి, పోటీకి 50లో 5 మార్కులకు మించి పెట్టకండి.

మిగతా 45: మాట, ప్రాస 15, ఫ్లో 15, విషయం 10, మూడు వెర్సులూ ఒకేలా లేకుండా ఉన్నందుకు 5. తన మనిషికి తాను మార్కులు వేయకూడదు. చర్చ మొదలయ్యేలోపే అందరూ కాగితం మీద రాసి మడిచి పెట్టాలి. తర్వాత రాస్తే మాటకారి వైపే వాలిపోతారు. విప్పినప్పుడు 15కి వేసిన చోట ఇద్దరి మధ్య తేడా 5 దాటితే, ఆ వెర్సు మళ్లీ వినిపించి ఆ ఇద్దరినీ కారణం చెప్పమనండి. వాదించాల్సింది అప్పుడే, మిగతా చోట్ల కాదు.

గుంపులో ఒడియా మిత్రులుంటే ఒకరు తప్పకుండా కలహండి కుర్రాడు దులే రాకర్ పేరు తెస్తారు, ఇంకొకరు ముంబై డివైన్ పేరు. తీసేయకండి, ఇంగ్లీష్ జాబితాలో కలపకండి కూడా. వేరే రౌండ్ పెట్టండి. అందులో తాత్పర్యం ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లే చెప్పాలి.

మొదటి ఇద్దరికీ సమానంగా వస్తే ఇలా చేయండి: ఎవరి మనిషికి వాళ్లు కాకుండా, ఎదుటివాడి మనిషికి ఇప్పటిదాకా ఎవరూ తేని ఒక మంచి వెర్సు ఎంచి తేవాలి. కావాలని నాసిరకం తెస్తే మిగతావాళ్లు వెనక్కి పంపి ఇంకోటి అడగొచ్చు. ఆ రెండు వెర్సులకే మళ్లీ 15, 15, 10 చొప్పున మార్కులు వేయండి. అప్పుడు కూడా తేడా 2 లోపే ఉంటే ఇద్దరి పేర్లూ ఆ కాగితం మీదే, ఏ ప్రశ్నకి జవాబో ఆ ప్రశ్న కిందే రాసి ఫొటో తీసుకోండి.