అమ్మానాన్నలతో డిస్నీ వరల్డ్ – మూడో పాఠం: ఒక రోజు కాగితం

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేశారు కదా? అమ్మానాన్నలను దగ్గర్లో ఉన్న మాల్‌కి తీసుకెళ్లి, మామూలుగా తిరుగుతూ, వాళ్ల కళ్లు కుర్చీ కోసం మొదటిసారి ఎప్పుడు వెతికాయో టైమ్ రాసుకోమన్నాను. “కాళ్లు నొప్పిగా ఉన్నాయా?” అని అడగొద్దని కూడా చెప్పాను. అడిగితే మన పెద్దవాళ్లు “లేదమ్మా, బాగానే ఉన్నాను” అనే అంటారు. మా అమ్మ విషయంలో నాకు తేలిన లెక్క 35 నిమిషాలు. ఈ పాఠమంతా ఆ అంకె మీదే నడుస్తుంది. మీ ఇంట్లో 20 వస్తే 20, 50 వస్తే 50 పెట్టుకోండి.

అమెరికాలో, ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గరి డిస్నీ వరల్డ్‌లో పెద్ద వినోద పార్కులు నాలుగు. ఈ రోజు వాటిలో మొదటిదైన మేజిక్ కింగ్‌డమ్ తీసుకుందాం. 1971లో తెరిచిన పార్కు అది. ఒక తెల్లకాగితం, పెన్సిల్ తీసుకోండి. ఫోన్‌లో రాయొద్దు. ఈ కాగితం ఫ్రిజ్ మీద ఉండాలి, ఇంట్లో అందరికీ కనిపించాలి.

కాగితాన్ని మూడు భాగాలు చేయండి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ముందు నింపాల్సింది మధ్యాహ్నం. 12 నుంచి 4 దాకా పెద్ద అక్షరాలతో ‘పడక’ అని రాయండి.

“అంత డబ్బు పోసి టికెట్ కొని గదిలో పడుకోవడమేంటి?” అని ఎవరో ఒకరు అంటారు. మా ఇంట్లో నేనే అన్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు గేటు తీసింది మొదలు రాత్రి బాణసంచా దాకా ఉండాల్సిందేనని పట్టుబట్టాను. జులై నెల. మూడింటికి అమ్మ దారి పక్క గట్టు మీద చెట్టు నీడన కూర్చుంది. చీర కుచ్చిళ్లు చెమటకు కాళ్లకు అతుక్కుపోయాయి. చెప్పు విప్పి, పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్లు నొక్కుకుంటోంది. నన్ను చూడగానే గబగబా చెప్పు తొడుక్కుని “పదవే, వెళ్దాం” అంది. ఆ రాత్రి బాణసంచా చూశాం. తర్వాత ఎప్పుడు అడిగినా అమ్మకు అదేమీ గుర్తు లేదు.

ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలు ఎక్కువగా పిల్లల వేసవి సెలవులకు ఇక్కడ, అమెరికాలో, ఉంటారు. ఫ్లోరిడాలో ఆ నెలల్లో మధ్యాహ్నం ఎండ ఒకవైపు, ఉరుములతో వాన ఇంకోవైపు. దగ్గర్లో పిడుగులు పడుతుంటే బయటి రైడ్లు ఆపేస్తారు, జనమంతా లోపలి వాటి మీద పడతారు. ఆ నాలుగు గంటలు వదులుకుంటే పోయేది తక్కువ. అదే టికెట్‌తో అదే రోజు మళ్లీ లోపలికి రావచ్చు.

ఒక మెలిక ఉంది. మేజిక్ కింగ్‌డమ్ కారు పార్కింగ్ గేటు దగ్గర ఉండదు. సరస్సు ఇవతల కారు పెట్టి, ఫెర్రీ పడవలోనో, ఒంటి పట్టా మీద నడిచే మోనోరైల్‌లోనో దాటాలి. చాలా డిస్నీ హోటళ్ల నుంచి బస్సు గేటు దగ్గరే దించుతుంది. బయట హోటలైతే పోనూ రానూ చెరో గంట వేసుకోండి. అంత తిరుగుడు వద్దనుకుంటే పడకను పార్కులోనే వెతకాలి. కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అని ఒక థియేటర్ ఉంది. ప్రేక్షకులు కూర్చున్న వరుసలే వేదిక చుట్టూ తిరుగుతాయి. దీన్ని మొదట 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టారు. ఏసీలో దాదాపు 20 నిమిషాలు. ఒక ఇంట్లోకి కరెంటు, ఫ్రిజ్, టీవీ ఒక్కొక్కటే ఎలా వచ్చాయో చూపిస్తారు. నాన్న రెండుసార్లు కూర్చున్నారు. బయటికొచ్చాక తెనాలి ఇంట్లో మొదటి బల్బు వెలిగిన రోజు గురించి మనవడికి చెప్పడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆ సంగతి నాకూ తెలియదు. మరమ్మతుల కోసం ఏవి మూశారో మాత్రం ముందు రోజు డిస్నీ వాళ్ల యాప్‌లో చూసుకోండి.

ఇప్పుడు పొద్దున భాగం. 35 నిమిషాల నడక, తర్వాత ఒక కూర్చునే రైడ్. ఈ లెక్కలో చాలామంది చేసే పొరపాటు, క్యూలో నిలబడ్డ సేపు కలపకపోవడం. నడక కన్నా నిలబడటమే మోకాళ్లకు ఎక్కువ కష్టం. యాప్‌లో వెయిటింగ్ 50 నిమిషాలని ఉంటే ఆ రైడ్ అమ్మది కాదు, ఒకరు ఆమెతో బయట నీడలో ఉండాలి. స్మాల్ వరల్డ్ అనే పడవ రైడ్, పీపుల్‌మూవర్ అనే మెల్లగా తిప్పే చిన్న బండి పెద్దవాళ్లకు హాయిగా ఉంటాయి. పీపుల్‌మూవర్ ఎక్కేటప్పుడు మాత్రం కాళ్ల కింద బెల్టు కదులుతూనే ఉంటుంది. ఒకరు ముందు ఎక్కి, ఒకరు వెనక నుంచి చెయ్యి పట్టుకోండి.

కాగితం మీద పిల్లల పేర్లు, వాటి పక్కన ఎత్తు రాయండి. రోలర్ కోస్టర్లయిన మైన్ ట్రైన్‌కు 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కు 44 అంగుళాలు ఉండాలి. ఇంత దూరం వచ్చాక కొలత కర్ర దగ్గర ఏడిపించే కన్నా ఇంట్లోనే చెప్పేయడం మంచిది. చిన్నదానికి ఎత్తు చాలకపోతే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పాపతో ఆగుతారు, మిగతావాళ్లు ఎక్కి వస్తారు. తర్వాత ఆగిన మనిషి పెద్ద క్యూ లేకుండా వెళ్లొచ్చు.

తిండి బయట నుంచి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు మాత్రం వద్దు. కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. నేను పులిహోరే పట్టుకెళతాను, చింతపండు వల్ల ఎండకు తట్టుకుంటుంది. దద్దోజనం తీసుకెళ్లొద్దు. మంచినీళ్లు కౌంటర్లలో అడిగితే ఊరికే ఇస్తారు.

వీల్‌చైర్ మాట ఎత్తితే నాన్న “నేనేమన్నా మంచాన పడ్డానా?” అన్నారు. వాదించలేదు. గేటు దగ్గర అద్దెకు తీసుకుని సంచులు అందులో పెట్టి తోశాం. పదకొండింటికి ఆయనే సంచులు తీసి మా ఆయన చేతికిచ్చి కూర్చున్నారు.

సాయంత్రం భాగంలో చూడాల్సినవి రెండే రాయండి, మూడోది వద్దు. బాణసంచా అయ్యాక జనమంతా ఒక్కసారే గేటు వైపు కదులుతారు. పెద్దవాళ్లకు అది వద్దనుకుంటే ముందే ఫెర్రీ ఎక్కించండి. సరస్సు ఇవతలి ఒడ్డు నుంచీ ఆకాశంలో వెలుగులు కనిపిస్తాయి. మేం రెండోసారి అలాగే చూశాం, అమ్మ బెంచీ మీద కూర్చుని.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఒక్కొక్కరిని ఒక్క కోరిక అడిగి కాగితంలో పెట్టండి. తర్వాత అమ్మ ఎక్కేవీ చూసేవీ వరుసగా చదివి, రెండు కూర్చోవడాల మధ్య మీ అంకె దాటిన చోట గీత గీయండి. గీత పడిన చోట ఒక రైడ్ కొట్టేయండి. పిల్లల్ని బూట్లతోనే గోడకు నిలబెట్టి కొలవండి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, నాలుగు పార్కుల్లో ఇంకోటైన ఎప్‌కాట్ మొదలుపెడదాం.