నెట్ బిల్లు కట్టాలి, అకౌంట్ నంబరు దొరకట్లేదు: సమస్య – పరిష్కారం

నెట్ బిల్లు కడదామని ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో కంపెనీ పేరు నొక్కి, "అకౌంట్ నంబరు ఎంటర్ చేయండి" అన్న గడి దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. యాప్ వాడటం, మెసేజీలు వెతకడం, పీడీఎఫ్ తెరవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మెసేజీలు. ఈ సమస్యతో నా దగ్గరికి వచ్చేవాళ్లు అప్పటికే రూటర్ తిరగేసి స్టిక్కర్ ఫొటో తీసి ఉంటారు, కస్టమర్ కేర్‌లో అరగంట పాట విని ఉంటారు. మెసేజీలు మాత్రం చూసి ఉండరు. కనెక్షన్ తీసుకున్న రోజు ఫారంలో ఏ మొబైల్ నంబరు రాశారో ఆ ఫోన్ తీయండి. అది మీది కాకపోవచ్చు. నాన్నగారిదో, ఊళ్లో ఉన్న అన్నయ్యదో కావచ్చు. అందులో కంపెనీ పేరు కొట్టి వెతకండి. నెలనెలా వచ్చే బిల్లు మెసేజీలో నంబరు, మొత్తం, గడువు తేదీ సాధారణంగా మూడూ ఉంటాయి. మెయిల్ ఇచ్చి ఉంటే అక్కడ బిల్లు పీడీఎఫ్ కూడా ఉంటుంది. చాలామందికి పని ఇక్కడితోనే అయిపోతుంది.

సమస్య: బిల్లు మీద నాలుగైదు నంబర్లు ఉన్నాయి, ఏది కొట్టాలి?

కారణం: బిల్లు మీద ప్రతి నంబరుకీ వేరే పని ఉంటుంది. ఇన్‌వాయిస్ నంబరు ఆ ఒక్క నెల బిల్లుది, వచ్చే నెల మారిపోతుంది. కస్టమర్ ఐడీ మనిషిది. ఒకే మనిషికి రెండు కనెక్షన్లుంటే రెండింటికీ అదే ఉండొచ్చు. అకౌంట్ నంబరు ఆ కనెక్షన్‌ది. యూజర్ ఐడీ, రూటర్ కంపెనీ నెట్‌వర్క్‌లోకి లాగిన్ కావడానికి పెట్టింది. రూటర్ కింద స్టిక్కర్ మీద ఉన్నవి ఆ పెట్టె సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రసు, వైఫై పాస్‌వర్డు. వాటిలో ఏదీ బిల్లు కట్టడానికి పనికిరాదు.

పరిష్కారం కంపెనీని బట్టి మారుతుంది. బీఎస్‌ఎన్‌ఎల్‌కి యాప్‌లు మామూలుగా అడిగేది ఎస్‌టీడీ కోడ్‌తో కలిపి ఫోన్ నంబరు. ఫైబర్ కనెక్షన్‌కి ఫోన్ సెట్టు తగిలించకపోయినా నంబరు మాత్రం ఇస్తారు, అదే కొట్టాలి. ముందున్న సున్నా తీసేస్తే ఏ ఊరిదైనా మొత్తం పది అంకెలే వస్తాయి: హైదరాబాద్ 40 తర్వాత ఎనిమిది, విజయవాడ 866 తర్వాత ఏడు, కర్నూలు 8518 తర్వాత ఆరు. పది రాకపోతే ఎక్కడో తప్పు కొట్టారన్నమాట. బీఎస్‌ఎన్‌ఎల్ బిల్లు మీద ఉండే అకౌంట్ నంబరు కూడా పది అంకెలే, ఎక్కువగా 9తో మొదలవుతుంది. దాన్ని ఎవరిదో సెల్ నంబరు అనుకుని పక్కన పెట్టేసేవాళ్లను చాలామందిని చూశాను.

ఎయిర్‌టెల్‌కి కూడా ఎస్‌టీడీ కోడ్‌తో ఉన్న ల్యాండ్‌లైన్ నంబరే. ఏసీటీ (యాక్ట్ ఫైబర్‌నెట్) వాళ్లకి అకౌంట్ నంబరు లేదా యూజర్ నేమ్. జియో ఫైబర్ అయితే వాళ్ల సొంత యాప్ మైజియోలో రిజిస్టరైన మొబైల్‌తో లాగిన్ కండి, కనెక్షన్ అక్కడే కనిపిస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్‌కి సీఏఎఫ్ నంబరు, అంటే కనెక్షన్ కోసం నింపిన దరఖాస్తు నంబరు. అది కేబుల్ ఆపరేటర్ దగ్గర కచ్చితంగా ఉంటుంది.

సమస్య: నంబరు సరైనదే, యాప్ మాత్రం తప్పు అంటోంది

నంబరు మొదట్లో ఉన్న సున్నా తీసి చూడండి, కుదరకపోతే సున్నాతో చూడండి. మధ్యలో గీత, ఖాళీ ఉంటే తీసేయండి. వాట్సాప్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు చివర కనపడని ఖాళీ ఒకటి రావచ్చు, అందుకని చేత్తో కొట్టడం మేలు. బీఎస్‌ఎన్‌ఎల్‌కి జాబితాలో ఇండివిడ్యువల్, కార్పొరేట్ అని వేరువేరుగా ఉంటాయి. ఇంటి కనెక్షన్‌కి ఇండివిడ్యువల్ ఎంచుకోవాలి. బ్రాడ్‌బ్యాండ్ కింద దొరకకపోతే ల్యాండ్‌లైన్ కింద చూడండి. ఇంతకంటే ఇందులో ఏమీ లేదు.

సమస్య: బిల్లు కట్టాను, సక్సెస్ అని వచ్చింది, అయినా నెట్ రాలేదు

దీని దగ్గర కాసేపు ఆగాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. ఇందులో ఎవరి తప్పూ పైకి కనపడదు.

మాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. ఏళ్ల తరబడి రాగి తీగ మీద నడిచిన కనెక్షన్ తీసి ఫైబర్ వేయించుకున్నారు. కంపెనీ అదే, ఇల్లు అదే, పేరూ అదే. బిల్లు కట్టేది బెంగళూరులో ఉన్న కొడుకు. అతని యాప్‌లో కనెక్షన్ ఎప్పుడో సేవ్ అయి ఉంది, "నాన్న నెట్" అని పేరు కూడా పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి యాప్ గుర్తు చేస్తుంది, అతను నొక్కుతాడు, డబ్బు వెళ్తుంది. ఇక్కడ నెట్ ఆగిపోయింది. "కట్టాను నాన్నా" అంటాడు కొడుకు. "కడితే ఎందుకు ఆపుతారురా" అంటారు మాస్టారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డబ్బు వెళ్తున్నది పాత అకౌంటుకి. ఫైబర్‌కి కొత్త అకౌంట్ తెరిచారని ఇంట్లో ఎవరూ గమనించలేదు. పాత కనెక్షన్ వద్దని రాసి ఇవ్వలేదు కాబట్టి అది కాగితం మీద బతికే ఉంది, దానికి నెలనెలా అద్దె పడుతూనే ఉంది. అందుకే యాప్‌కి ప్రతి నెలా ఒక బిల్లు దొరుకుతూనే ఉంది.

ఇల్లు మారినప్పుడు, ఊరు మారినప్పుడు, రాగి నుంచి ఫైబర్‌కి మారినప్పుడు, కనెక్షన్ తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకి మార్చినప్పుడు అకౌంట్ నంబరు మారే అవకాశం ఉంది. కానీ మీ ఫోన్‌లో యాప్ దాచుకున్నది పాత నంబరు. ఎవరో ఒకరు వెళ్లి మార్చేదాకా అది మారదు.

దీనికి ఇంకో ముఖం ఉంది, అది ఇంకా ప్రమాదం. పాత అకౌంట్ నిజంగానే మూసేశారనుకోండి. అప్పుడు యాప్ "బకాయి ఏమీ లేదు" అంటుంది. చూసినవాళ్లు "ఈ నెల ఎవరో కట్టేసినట్టున్నారు" అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. యాప్ చెప్పింది ఆ నంబరు మీద బకాయి లేదని. మీ ఇంటి కనెక్షన్ మీద లేదని కాదు. వాడకం నెలంతా ఉండి, బిల్లు రావాల్సిన రోజుల్లో బకాయి లేదని కనిపిస్తే సంతోషపడకండి, అనుమానపడండి.

పట్టుకోవడం ఎలా? యాప్‌లో కొట్టే నంబరు ఏదో, దాని చివరి నాలుగు అంకెలు మూడు చోట్ల పోల్చండి: కొత్తగా వచ్చిన బిల్లు మెసేజీ, కొత్త బిల్లు పీడీఎఫ్, యాప్‌లో సేవ్ అయిన ఎంట్రీ. మూడూ ఒకటి కాకపోతే దొంగ దొరికినట్టే. రెండో పరీక్ష బిల్లు మొత్తం ఎంతన్నది. నెట్ ప్లాన్ మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. మీది 599 ప్లాన్ అయితే బిల్లు దాదాపు 707 రావాలి, 499 ప్లాన్ అయితే దాదాపు 589. ఆలస్య రుసుము కలిస్తే కొంచెం పెరుగుతుంది, మొదటి నెలలో వాడిన రోజులకే లెక్కకడితే కొంచెం తేడా వస్తుంది. 707 రావాల్సిన చోట యాప్ రెండొందల చిల్లర చూపిస్తే అది మీ ఫైబర్ బిల్లు కాదు. మూడోది పేరు. బిల్లు తెరిచాక చాలా కంపెనీలకు కస్టమర్ పేరు తెర మీద వస్తుంది. పే నొక్కే ముందు ఆ పేరు చదవండి. దయచేసి చదవండి. ఒక్క అంకె తప్పయితే వేరేవాళ్ల బిల్లు తెరుచుకుంటుంది, మీ డబ్బుతో వాళ్ల నెట్ నడుస్తుంది. మాస్టారి ఇంట్లోలాగా రెండు అకౌంట్లూ ఒకే పేరు మీద ఉంటే మాత్రం పేరు సరిపోయినా చాలదు, మొదటి రెండు పరీక్షలూ చేయాల్సిందే.

పరిష్కారంలో వరుస ముఖ్యం. ముందు కొత్త నంబరు మీద ఉన్న బకాయి కట్టి నెట్ రప్పించుకోండి. పాత డబ్బు సంగతి తేలేదాకా ఆగుదామనుకుంటే రోజులు గడిచిపోతాయి. తర్వాత యాప్‌లో పాత ఎంట్రీ తీసేయండి. ఆటోపే, అంటే నెలనెలా డబ్బు దానంతట అదే వెళ్లే ఏర్పాటు, పెట్టి ఉంటే ఎంట్రీ తీసేసినంత మాత్రాన అది ఆగిపోయిందని అనుకోవద్దు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితాకి వెళ్లి విడిగా రద్దు చేయండి. ఈ మెట్టు వదిలేసినవాళ్లకి మూడు నెలల తర్వాత మళ్లీ అదే సమస్య వస్తుంది.

ఆ తర్వాత కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి. పాత అకౌంట్ నంబరు, కొత్త అకౌంట్ నంబరు, కట్టిన తేదీలు, మొత్తాలు, లావాదేవీ నంబర్లు రాసి, "పాత అకౌంటులో పడిన మొత్తాన్ని కొత్త అకౌంటుకి బదిలీ చేయగలరు" అని అడగండి. లావాదేవీ నంబరు అంటే యూపీఐలో వచ్చే పన్నెండు అంకెలది ఒకటి, బిల్లు రసీదు మీద భారత్ కనెక్ట్ పేరుతో ఉండేది ఇంకొకటి. భారత్ కనెక్ట్ అంటే పాత భారత్ బిల్ పేనే, పేరు 2024లో మారింది. రెండూ ఇవ్వండి. అదే కాగితంలో పాత కనెక్షన్ రద్దు చేయమని కూడా రాయండి. పాత మోడెమ్ కంపెనీదైతే తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పట్లో డిపాజిట్ కట్టి ఉంటే దాన్నీ అడగండి, పాత ల్యాండ్‌లైన్ల మీద ఉంటుంది. ఫిర్యాదుకి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు నంబరు) తీసుకోకుండా ఫోన్ పెట్టేయొద్దు. ఆ నంబరు ఉంటేనే పని జరగనప్పుడు ఆ కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లగలరు. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

సమస్య: మెసేజీ లేదు, బిల్లు లేదు, రిజిస్టరైన సిమ్ ఎప్పుడో పోయింది

మీ ఇంటికి ఫైబర్ లాగిన అబ్బాయికి ఫోన్ చేయండి. తన ఏరియాలో ఉన్న కనెక్షన్ల వివరాలు అతని దగ్గరో, అతను పనిచేసే ఆపరేటర్ దగ్గరో ఉంటాయి. పేరు, ఇల్లు చెబితే నంబరు చెబుతారు. అతను దొరకకపోతే రూటర్ సెట్టింగుల పేజీ తెరవండి, ఎక్కువ రూటర్లకి 192.168.1.1. నెట్ ఆగిపోయినా ఇది తెరుచుకుంటుంది, వైఫైకి కలిసి ఉంటే చాలు. WAN అన్న చోట యూజర్ నేమ్ ఉంటుంది. దాంతో బిల్లు నేరుగా కట్టలేకపోయినా, ఆఫీసులో ఆ ఐడీ చెబితే మీ అకౌంట్ తీయగలరు. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ ఐడీలో చాలాసార్లు ఫోన్ నంబరే ఉంటుంది.

ఇవేవీ కుదరకపోతే ఆధార్ తీసుకుని కంపెనీ కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. వెళ్లినవాళ్లు నంబరు తీసుకుని వచ్చేయకండి, వాడుతున్న మొబైల్ నంబరు అక్కడే రిజిస్టర్ చేయించుకోండి.

ఒక్క పని మాత్రం చేయొద్దు. కంపెనీ పేరు, "కస్టమర్ కేర్ నంబర్" అని గూగుల్‌లో కొట్టి పైన కనిపించిన సెల్ నంబరుకి ఫోన్ చేయొద్దు. అవతలివాడు మర్యాదగా మాట్లాడతాడు, అకౌంట్ నంబరు చూసిపెడతానంటాడు, ఒక యాప్ దించుకోమంటాడు. దాంతో మీ తెర మొత్తం వాడికి కనిపిస్తుంది. లేదంటే వెరిఫికేషన్ కోసం ఒక్క రూపాయి పంపమంటాడు. అకౌంట్ నంబరు చెప్పడానికి ఏ కంపెనీకీ మీ ఓటీపీ, యూపీఐ పిన్, కార్డు వివరాలు అక్కర్లేదు. కస్టమర్ కేర్ నంబరు పాత బిల్లు మీద నుంచో, కంపెనీ సొంత యాప్‌లో నుంచో తీసుకోండి. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ఈ మాట ఈరోజే చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అది మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

అద్దె ఇంట్లో ఉన్నారా?

కనెక్షన్ ఓనర్ గారి పేరు మీదో, ముందున్నవాళ్ల పేరు మీదో ఉంటే మెసేజీలు వాళ్లకే వెళ్తాయి. అడిగి తీసుకోండి. ముందున్నవాళ్ల బకాయి దాని మీద ఉందేమో చూసుకున్నాకే కట్టండి. ఎక్కువ కాలం ఉండేటట్టయితే మీ పేరు మీద కొత్తది వేయించుకోవడమే మంచిది.

మిగిలినవి

కంపెనీ సర్వర్ పనిచేయకపోవడం: ఒక గంట ఆగి చూడండి. ఫోన్, నెట్, టీవీ అన్నీ ఒకే బిల్లులో కలిపిన ప్యాకేజీ: విడి నంబరు తీసుకోకపోవచ్చు, అప్పుడు కంపెనీ యాప్‌లో కట్టండి. డబ్బు కట్ అయి పెండింగ్ అని చూపించడం: రెండోసారి కట్టకండి, అది సక్సెసో ఫెయిలో తేలేదాకా ఆగండి. సరైన అకౌంటులోనే కట్టినా గంటల తరబడి నెట్ రాకపోతే రూటర్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి, అప్పటికీ రాకపోతే లావాదేవీ నంబరుతో ఫిర్యాదు చేయండి.