ఎగ్జిబిషన్‌లో మెషీన్ మొరాయిస్తోందా? ముందు మోటారు ఎటు తిరుగుతోందో చూడండి

హైదరాబాద్ హైటెక్స్‌లాంటి ఎగ్జిబిషన్ హాళ్లలో మిల్లు మెషీన్లు పెట్టే స్టాళ్లకు చాలాసార్లు కరెంట్ పని చూశాను. షెడ్డులో బాగా నడిచిన మెషీన్ హాల్లో మొరాయిస్తే, తప్పు మెషీన్‌లో ఉండటం చాలా తక్కువ. స్పానర్ తీసే ముందు ఇవి చూడండి.

సమస్య: స్టార్ట్ చేయగానే ఎంసీబీ (కరెంట్ ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్) పడిపోతోంది

5 హెచ్‌పీ అంటే సుమారు 3.7 కిలోవాట్లు అని లెక్కగట్టి, నిర్వాహకులకిచ్చే పవర్ ఫారంలో అంతే రాస్తారు. కానీ డీఓఎల్ స్టార్టర్ (మోటారుకు కరెంట్‌ను ఒక్కసారిగా నేరుగా ఇచ్చేది) ఉంటే మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్ల కరెంట్ లాగుతుంది. ఫారంలోనే హెచ్‌పీ, స్టార్టర్ రకం రెండూ రాయండి. ఇప్పటికే స్టాల్‌లో ఉంటే మెషీన్‌ను ఖాళీగా స్టార్ట్ చేసి, వేగం అందుకున్నాక గింజ వదలండి.

సమస్య: మోటారు మూలుగుతోంది, తిరగట్లేదు

చాలావరకు ఒక ఫేజ్ రాకపోవడమే కారణం. వెంటనే ఆపండి. మళ్లీ మళ్లీ బటన్ నొక్కితే వైండింగ్ కాలిపోతుంది.

సమస్య: అన్నీ తిరుగుతున్నాయి, పని మాత్రం జరగట్లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒకసారి వడ్లు శుభ్రం చేసే మెషీన్ పెట్టాం. జల్లెడ ఆడుతోంది, బ్లోయర్ గాలి వస్తోంది, చప్పుడు మామూలుగానే ఉంది. కానీ తాలు గింజలతో కలిసే కిందికి దిగుతోంది. జల్లెడ మార్చాం, బెల్టు బిగించాం, గాలి తలుపు అటూ ఇటూ తిప్పాం. ఈలోగా కొనడానికి వచ్చిన మిల్లర్లు కాసేపు చూసి వెళ్లిపోయారు. సాయంత్రం మెషీన్ ఆపాక, పులీ నెమ్మదిస్తున్నప్పుడు కనిపించింది: ఉల్టా తిరుగుతోంది. ఒక రోజంతా పోయింది.

ఇలాంటి బ్లోయర్ ఉల్టా తిరిగినా గాలి అదే దారిలో వస్తుంది, బలం మాత్రం ఉండదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాక బోరు మోటారు నడుస్తూనే నీళ్లు సన్నగా పోయడం చూసిన రైతుకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మూడు ఫేజుల వరుస మారితే త్రీఫేజ్ మోటారు దిశ మారిపోతుంది. స్టాళ్లకు లాగే తాత్కాలిక కేబుళ్లలో ఆ వరుసను ఎవరూ పట్టించుకోరు.

చూడటం చాలా సులువు. బెల్టు గార్డు తీయకుండా, ఒక్క క్షణం ఆన్ చేసి ఆపండి. ఆగబోయే ముందు పులీ ఎటు తిరుగుతోందో మెషీన్ మీది బాణం గుర్తుతో పోల్చండి. బాణం లేకపోతే షెడ్డులోనే పెయింట్‌తో వేసుకుని బయల్దేరండి. ఉల్టా అయితే, మెయిన్ ఆపించి, మూడు ఫేజు వైర్లలో ఏవైనా రెండింటిని హాల్ ఎలక్ట్రీషియన్‌తో తారుమారు చేయించండి. ఐదు నిమిషాల పని. ఏటా స్టాల్ పెట్టేవాళ్లు ఫేజు పోయినా, ఫేజుల వరుస మారినా మోటారును ఆపే ప్రివెంటర్ ప్యానెల్లో పెట్టించుకోండి. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) మీద నడిచే మోటారుకు ఈ ఇబ్బంది లేదు.

మిగతావి

వోల్టేజ్ తగ్గడం, బేరింగ్ పట్టేయడం, ప్రయాణంలో మోటారు పాడవడం ఎప్పుడో ఒకసారి జరుగుతాయి. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

స్టాల్‌కి మెయిన్ పవర్ చాలాసార్లు ప్రారంభానికి ముందు రోజు సాయంత్రంగానీ ఇవ్వరు. అది వచ్చేదాకా ఒక మనిషిని అక్కడే ఉంచి, ఆ రాత్రే గింజ పోసి నడిపించి చూడండి. రాత్రి ఎవరైనా కేబుల్ మార్చి ఉండొచ్చు కాబట్టి, తెల్లారి గేటు తెరవకముందు పులీని మరోసారి చూడండి.