ఇంకు పెన్ను మొండికేస్తే: పాళీ జోలికి చివర్లోనే వెళ్లండి

నాకు ఇంకు పెన్ను ఆరో తరగతిలో చేతికొచ్చింది. ఇప్పుడు యాభై దాటాయి, పాలవాడి లెక్క కూడా దాంతోనే రాస్తాను. ఇన్నేళ్లలో చేతులారా రెండు పాళీలు (నిబ్బులు) పాడుచేశాను. నిజానికి రెండింటికీ ఏ జబ్బూ లేదు. ఒక పెన్నులో ఇంకు ఎండిపోయింది, రెండోదాని విషయంలో తప్పు కాగితానిది. నాలా బ్లేడూ ఉప్పుకాగితం పట్టుకునే ముందు కింద చెప్పినవి చూడండి.

అసలు రాయట్లేదు, లేదా రెండు మాటలకోసారి ఆగుతోంది

పెన్నులోంచి ఇంకు కిందికి దిగాలంటే అంత గాలీ పైకి వెళ్లాలి. ఆ రెండు దారులూ పాళీ కింద ఉండే నాలుకలోనే ఉంటాయి. ఇంకు ఎండి అక్కడ గసి కట్టిందంటే ఎంత విదిలించినా ముందువాడి చొక్కా పాడవడమే తప్ప లాభం లేదు.

మామూలు చల్లనీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పాళీ ఉన్న భాగాన్ని రాత్రంతా నాననివ్వండి. పొద్దున్నే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, సముద్రం పక్కన ఉన్నాం కదా. అందుకని ఆఖరుసారి తాగేనీళ్లతో కడుగుతాను. వేడినీళ్లు మాత్రం వద్దు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన పెన్ను నల్లరంగు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. 1935లో గాంధీగారు ఉత్తరం రాసి మెచ్చుకున్న రాజమండ్రి రత్నం ఎబొనైట్ పెన్నులు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని కడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కొత్త పెన్నైనా సరే ఇదే వైద్యం. తయారీలో అంటిన నూనె నాలుకలో ఉండిపోతుంది. రెండు కంపెనీల ఇంకులు కలిపి పోసే అలవాటుంటే మానేయండి, కొన్ని కలిస్తే లోపల గడ్డకడతాయి.

ఇంకో సంగతి. పేజీ పైభాగంలో చక్కగా రాసి, కిందికి వచ్చేసరికి ఆగుతోందా? అయితే పెన్నును తిట్టకండి. మే నెలలో వైజాగ్ ఉక్కపోతకు అరచేయి తడిగా, జిడ్డుగా ఉంటుంది. ఆ చేయి ఆనిన చోట కాగితం జిడ్డెక్కి ఇంకు పట్టదు. చేతి కింద ఒక చిన్న కాగితం ముక్క వేసుకోండి, అంతే. నేను పాళీ అరగదీసింది ఈ దెబ్బకే!

ఇంకు కక్కుతోంది

ఎక్కువగా ఫిల్లర్‌తో నేరుగా పెన్నులోకే ఇంకు పోసుకునేవాటికి ఈ బాధ. నిండుగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉంటుంది. సగం ఖాళీ అయ్యాక ఉన్నట్టుండి కాగితం మీద పేద్ద చుక్క.

కారణం లోపల చేరిన గాలి. చేతి వేడికి అది వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది. ఎండాకాలంలోనే కక్కుతుందని చాలామంది అంటారు. నా అనుభవంలో మాత్రం ఏసీ గదిలోనే ఎక్కువ. లెక్క చూడండి: 22 డిగ్రీల చల్లదనంలో ఉన్న పెన్ను చేతిలో 35కు వేడెక్కితే, లోపలి గాలి నూటికి నాలుగు పాళ్లకు పైగా పెరుగుతుంది. 1.5 మిల్లీలీటర్ల గాలి ఉంటే ఒక చుక్క ఇంకు బయటికి రావడానికి అది చాలు. ఏసీ లేని గది 33లో ఉంటే చేతికీ పెన్నుకీ పెద్ద తేడానే ఉండదు.

అందుకే రాసేముందు పాళీని పైకి పెట్టి, పెన్నును ఒక నిమిషం గుప్పిట్లో పట్టుకుంటాను. గాలి పెరిగినా ఇంకును తోయకుండా పైనుంచి పోతుంది. మా ఆవిడకు మాత్రం అది దండం పెట్టుకుంటున్నట్టు కనిపిస్తుందట. సగానికి దిగగానే ఇంకు నింపేసుకోవడం ఇంకా మేలు. పెన్ను భాగాలు తిప్పి బిగించే మరల దగ్గర కారుతుంటే కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. వాజలైన్ వద్దు, రబ్బరు వాషర్లను పాడుచేస్తుంది.

అరకు వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అరకు 900 మీటర్లకు పైగా ఎత్తు. రైలు ఘాట్ ఎక్కుతుంటే బయట గాలి ఒత్తిడి పదో వంతు దాకా తగ్గుతుంది, పెన్నులోని గాలి ఆ మేరకు పెరుగుతుంది. సగం ఖాళీ పెన్నులోంచి మూడు చుక్కలు క్యాప్‌లోకి దిగుతాయి. బొర్రా గుహల స్టేషన్లో తెల్లచొక్కా జేబు నీలమైన రోజు నాకు ఈ లెక్క తెలియదు. పూర్తిగా నింపండి, లేదా ఖాళీ చేయండి. ఎలాగైనా పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి.

అక్షరం చుట్టూ ఇంకు పాకుతోంది

వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుంటుంది. నోటుపుస్తకాలు బల్ల మీద వదిలేయకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. అప్పటికీ పాకితే కాగితం మార్చండి. నాసిరకం కాగితం మీద ఏ ఇంకైనా అంతే.

గీసుకుపోతోంది

ఇప్పుడు పాళీ వంతు. భూతద్దం కింద కొసను చూడండి. చీలికకు రెండువైపులా ఉన్న పాయలు సమంగా లేకపోతే, కిందికి దిగిన పాయను గోటితో నెమ్మదిగా పైకి తోసి, మళ్లీ చూడండి. ఒకేసారి సరిచేయాలని బలం పెట్టొద్దు. ఉప్పుకాగితం అస్సలు వద్దు. కొసన ఉండే గట్టి లోహపు గుండు అరిగితే మళ్లీ రాదు.

పాయలు ఎందుకు వంకరవుతాయంటే, కింద పడటం ఒకటి, అరువివ్వడం రెండోది. బ్యాంకులో "సార్, ఒక్కసారి పెన్ను ఇస్తారా" అంటారు. బాల్‌పెన్నులా నొక్కి నాలుగు కాపీల ఫారం నింపుతారు. క్యాప్ నా దగ్గరే ఉంచుకుంటే పెన్ను తిరిగొచ్చేది కానీ, పాళీ మాత్రం ముక్కు విరిగి వచ్చేది. ఇప్పుడు జేబులో ఐదు రూపాయల బాల్‌పెన్ను ఒకటి అదనంగా ఉంటుంది. ఎవరడిగినా అదే ఇస్తాను.