పాత అప్‌రైట్ (నిలువు) పియానో కొనే ముందు

డబ్బు ఇచ్చే ముందే ఒక పియానో టెక్నీషియన్‌కి చూపించండి. పైన పాలిష్ ఎంత మెరిసినా నమ్మకండి.

మొదట చూడాల్సింది తీగలు చుట్టి బిగించే ట్యూనింగ్ పిన్నులు. సుమారు 220 తీగల లాగుడు మొత్తం కలిపితే టన్నుల్లో ఉంటుంది. ఆ లాగుడుకు పిన్నులు తిరిగిపోకుండా పట్టి ఉంచేది పిన్‌బ్లాక్ అనే చెక్క. అది పగిలినా, పిన్నులు వదులైనా శ్రుతి నిలవదు. బాగుచేయించే ఖర్చు చాలాసార్లు పియానో ధరనే మించిపోతుంది. నా మటుకు అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దంటాను.

శ్రుతి కూడా కొలవండి. మధ్య 'సి' పైనున్న 'ఎ' 440 హెర్ట్జ్ ఉండాలి. అర స్వరం దిగిపోయి ఉంటే ఏళ్లుగా ట్యూన్ చేయలేదని అర్థం. ఒక్కసారిగా పైకి లాగితే పాత తీగలు తెగొచ్చు.

88 మెట్లూ ఒక్కొక్కటిగా, మెల్లగా, గట్టిగా నొక్కి చూడండి. తీగలను కొట్టే సుత్తుల ఫెల్ట్‌లో లోతైన గాట్లు, చెక్కకు చెదలు, తీగలకు తుప్పు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి.

సౌండ్‌బోర్డులో (తీగల వెనక శబ్దాన్ని పెంచే పెద్ద చెక్క పలక) సన్న పగులు కనిపిస్తే వెంటనే టెన్షన్ పడక్కర్లేదు, గరగర లేకపోతే చాలు. తీగల కంపనాన్ని ఆ పలకకు చేరవేసే చెక్క పట్టీ, అంటే బ్రిడ్జి, పగిలితే మాత్రం సీరియస్.

సీరియల్ నంబర్ రాసుకోండి, తయారైన ఏడాది తెలుస్తుంది.

పియానో బరువు చాలావరకు రెండు వందల కిలోల పైమాటే, సొంతంగా మోయకండి.