ఇంజన్ వేడెక్కుతోందా? ఏ భాగం పోయిందో కాదు, ఎప్పుడు వేడెక్కుతోందో ముందు చూడండి

టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు లేస్తుంటే ఏసీ కట్టేసి, హీటర్‌ని పూర్తి వేడిలో, బ్లోయర్‌ని పూర్తి స్పీడులో పెట్టండి. రోహిణి కార్తెలో ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. కానీ హీటర్ కోర్ కూడా ఓ చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత అది లాగేస్తుంది. అప్పటికీ ముల్లు దిగకపోయినా, ఎర్ర దీపం వెలిగినా బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేయాలి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని లాగితే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. చిన్న సామానుతో పోయే పని హెడ్ ఫేసింగ్ దాకా, అంటే వంగిన హెడ్‌ని మెషీన్ మీద చదును చేయించేదాకా వెళ్తుంది.

బానెట్ ఎత్తినా రేడియేటర్ మూత జోలికి వెళ్ళకండి. మంచి మూత సుమారు 1 బార్ ఒత్తిడిని నిలబెడుతుంది. ఆ ఒత్తిడి వల్లే లోపలి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) 115 డిగ్రీల్లోనూ మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి అదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం 45 నిమిషాలు ఆగండి. ఇంజన్ నుంచి రేడియేటర్‌కి వెళ్ళే పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడే తీయాలి. కాలిపోతున్న ఖాళీ ఇంజన్‌లో చల్లనీళ్ళు పోస్తే హెడ్ పగలొచ్చు.

ఇంకో మోసం ఉంది. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్ గాలిలో తేలుతుంది, ముల్లు పైకి పోకుండా కిందకి దిగొచ్చు. ముల్లు మామూలుగా ఉండి హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే లోపల కూలెంట్ లేదనే అనుమానించాలి.

ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డెక్కగానే తగ్గితే

తప్పు దాదాపుగా ఫ్యాన్‌దే. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలి చేసే పనిని, ఆగినప్పుడు ఫ్యాన్ చేయాలి. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే వరసగా ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు), మోటార్ చూడండి. అదే నంబరున్న హారన్ రిలేని తెచ్చి ఫ్యాన్ రిలే స్థానంలో గుచ్చితే తేలిపోతుంది. అప్పటికీ కదలకపోతే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, మధ్యలో ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. అప్పుడు తిరిగితే మోటార్ బాగానే ఉంది, లోపం వైరింగ్‌లోనో సెన్సర్‌లోనో ఉంది. తిరగకపోతే మోటారే మార్చాలి. ఈ పరీక్షలు చేసేటప్పుడు వేళ్ళు దూరంగా ఉంచండి, ఇంజన్ ఆపినా ఫ్యాన్ తిరగొచ్చు.

హైవే మీద, ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కితే

ఇక్కడ ఎదురుగాలికి లోటు లేదు, రేడియేటర్ గుండా గాలో కూలెంటో సాగకుండా ఏదో అడ్డం ఉంది. రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చి వేసి చూడండి. దుమ్ము, పురుగులు, వరి పొట్టు కలిసి దుప్పటిలా పట్టి ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్ళతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే రేకులు మడతపడతాయి.

బయట శుభ్రంగా ఉంటే లోపల చూడాలి. మన ఊళ్ళలో దీనికి పెద్ద కారణం బోరు నీళ్ళు. నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. ఇంజన్ వేడి మీదున్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ అంతా చూస్తే, పూడిన చోట మాత్రం చల్లగా ఉంటుంది. లీకు ఆపడానికి పసుపు పోసే చిట్కా ఇల్లు చేరడానికి పనికొస్తుందేమో కానీ, ఆ పసుపే తర్వాత గొట్టాలనూ హీటర్ కోర్‌నూ పూడుస్తుంది.

కింది హోస్ కూడా చూడండి. న్యూట్రల్‌లో ఇంజన్ రేస్ చేసినప్పుడు అది చప్పిడిగా నొక్కుకుపోతుంటే పైపు పాతబడి మెత్తబడింది. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం నుంచి ఎండిన కూలెంట్ చార కనిపిస్తే పంప్ సీల్ పోయినట్టే. టైమింగ్ బెల్ట్‌తో తిరిగే పంప్ అయితే బెల్ట్ కూడా కలిపి మార్చండి, కూలీ ఒక్కసారే పడుతుంది.

స్టార్ట్ చేసిన 10 నిమిషాలకే వేడెక్కితే

థర్మోస్టాట్, అంటే వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్, మూసుకుపోయి ఉండొచ్చు. గుర్తు: ముల్లు పైకి పోతున్నా రేడియేటర్ వైపు హోస్ చల్లగానే ఉంటుంది. చల్లారాక కూలెంట్ దింపి, హౌసింగ్ బోల్టులు తీసి వాల్వ్ బయటికి తీయండి. దాని మీదే 82 అనో 88 అనో ముద్రించి ఉంటుంది. దాన్ని దారంతో కట్టి, అడుగు తగలకుండా గిన్నె నీళ్ళలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. ఆ అంకె దగ్గర పళ్ళెం కదలడం మొదలవ్వాలి, నీళ్ళు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి. లేకపోతే కొత్తది, కొత్త రబ్బరు రింగుతో. వాల్వ్‌లో చిన్న గాలి రంధ్రం ఉంటే అది పైకి రావాలి.

తీసిపారేస్తే సరిపోతుందని చాలామంది మెకానిక్‌లు అంటారు. వద్దు. ఇంజన్ త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి మూసేది కూడా ఆ వాల్వే. అది లేకపోతే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కి పోకుండా లోపలే తిరిగి, ఘాట్‌లో మళ్ళీ వేడెక్కుతుంది.

కూలెంట్ తగ్గుతూ ఉండి, కింద చుక్క పడకపోతే

హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే మంటల గది నుంచి వాయువు కూలెంట్‌లోకి వస్తోంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడినా అర్థం అదే. కూలెంట్‌లోకి వచ్చే ఆ వాయువుని పట్టే బ్లాక్ టెస్టర్ ఉంటే, పెట్రోలు ఇంజన్‌లో నీలం ద్రవం పసుపు రంగుకి తిరుగుతుంది. ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు పూత ఒక్కటే చూసి ఇంజన్ విప్పించకండి. తక్కువ దూరాలు తిరిగే బండిలో తేమ వల్ల కూడా అది కడుతుంది.

మళ్ళీ నింపడం

చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి సుమారు 4 లీటర్లు పడుతుంది, కచ్చితమైన అంకె ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది. చిక్కటి కూలెంట్‌కి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలపండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ళే, యాసిడ్ మాత్రం కాదు. డబ్బా మీద ‘రెడీ మిక్స్’ అని ఉంటే నీళ్ళు కలపకూడదు. ఒలికినది కడిగేయండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోవచ్చు.

బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, హీటర్ వేడిలో పెట్టి, చల్లటి ఇంజన్‌లో మెల్లగా పోయండి. లోపలి గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే బుడగ లేని ధార వచ్చేదాకా వదులుగా ఉంచండి. మూత తీసే ఉంచి ఐడిల్‌లో నడిపి, మట్టం దిగుతున్న కొద్దీ పోస్తూ, పైకి పొంగడం మొదలవగానే మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనివ్వండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద మూత తీసి చూస్తే మట్టం కొంచెం దిగి ఉంటుంది, అంతమేరకు పోసి మూత బిగించండి.