జూన్ 30 దాటేదాకా జెర్సీ మీద పేరు వేయించకండి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ జట్టు జెర్సీ కొన్నారా, సంతోషం. వెనక పేరు మాత్రం ఇప్పుడే అచ్చు వేయించకండి. అది క్లబ్బు అకాడమీలో పెరిగిన కుర్రాడి పేరైతే మరీనూ. చాలా క్లబ్బులు పద్దులు మూసేది జూన్ 30న. క్లబ్బుల నష్టాలకు లీగు పెట్టిన హద్దులో ఆ చివరి వారం లెక్క కుదరకపోతే ముందు బేరానికి వెళ్లేది అతనే.

ఎందుకంటారా? 5 కోట్ల పౌండ్లకు ఒకణ్ని కొని ఐదేళ్ల కాంట్రాక్టు రాస్తే, పద్దులో ఏడాదికి కోటి చొప్పున ఖర్చు పడుతుంది. మూడేళ్లయ్యాక 3 కోట్లకు అమ్మితే, చూసేవాళ్లకు 2 కోట్లు పోయినట్టే. పుస్తకాల్లో మాత్రం అతని విలువ అప్పటికి 2 కోట్లే, కాబట్టి కోటి లాభం! అకాడమీ కుర్రాడికి కొన్న ధరే లేదు, వచ్చిందంతా లాభమే. 2024 జూన్ చివర్లో న్యూకాజిల్ తను పెంచిన ఇలియట్ ఆండర్సన్‌ను నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు అమ్మింది ఇందుకే. ఈ నిబంధనలో నాకు మింగుడుపడనిది కూడా ఇదే.

అమ్మకం వార్త వస్తే ధర కన్నా ముందు తేదీ చూడండి. 2025-26 దాకా మూడేళ్లకు కలిపి నష్టాల హద్దు 10.5 కోట్ల పౌండ్లు. అదీ యజమాని వాటాల రూపంలో సొమ్ము పోస్తేనే, లేదంటే ఒకటిన్నర కోట్లే. కింది డివిజన్‌లో గడిపిన ఏళ్లకు హద్దు ఇంకా చిన్నది. అందుకే కొత్తగా పైకొచ్చిన ఫారెస్ట్‌కు దక్కింది 6.1 కోట్లు. వాళ్లు బ్రెనన్ జాన్సన్‌ను మంచి ధర కోసం ఆపి, 2023 సెప్టెంబరు 1న టోటెన్‌హామ్‌కు 4.75 కోట్లకు అమ్మారు. ధర బాగానే వచ్చింది, పద్దు మాత్రం జూన్‌లోనే మూతపడింది. హద్దును 3.45 కోట్ల మేర దాటారని తేలి, 2024 మార్చిలో 4 పాయింట్లు కోశారు. ఆగితే ఎక్కువ ధర వస్తుందనే కదా ఆగామన్న వాదన, కేసు విచారించిన కమిషన్ దగ్గర నిలవలేదు.

పాయింట్ల పట్టిక చూసి పందేలు కాసే మిత్రులారా, మీకూ ఒక మాట. ఇదే హద్దు దాటినందుకు 2023-24లో ఎవర్టన్‌కు నవంబరులో 10 పాయింట్లు పోయాయి, అప్పీలులో ఆ కోత 6కు తగ్గింది, ఏప్రిల్‌లో ఇంకో 2 పోయాయి. ప్రత్యర్థి కిందికి పోయాడని స్వీట్లు పంచే ముందు ఏదైనా కేసు పెండింగ్‌లో ఉందేమో చూసుకోండి.

ఎనిమిదేళ్ల కాంట్రాక్టు అని వినగానే, ధరను ఎక్కువ ఏళ్లకు పంచి ఏడాది ఖర్చు తగ్గించి చూపే చెల్సీ పాత కిటుకు గుర్తొస్తుంది కదూ? ఇప్పుడది పారదు. ఎన్నేళ్లకు రాసుకున్నా ధరను ఐదేళ్లకు మించి పంచడానికి వీల్లేదు.

2025-26తో ఈ మూడేళ్ల నష్టాల లెక్కకు సెలవు. 2026-27 నుంచి జట్టు ఖర్చు ఆదాయంలో 85 శాతం లోపు ఉండాలి. ఆటగాళ్ల అమ్మకం లాభం ఆ ఆదాయం వైపే చేరుతుంది, కాబట్టి అకాడమీ కుర్రాళ్ల మీద కన్ను అలాగే ఉంటుంది. మీ జట్టు యూరప్ పోటీల్లో ఆడుతుంటే 85ను మరిచిపోండి, అక్కడ యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఏఫా గీత 70 శాతమే.